అప్‌డేట్: నా కుండీలో ఉన్నది స్ప్రూస్ కాదు, సరుగుడు

కావలిలో మా మేడ మీద కుండీలో ఉన్న సూది ఆకుల మొక్క స్ప్రూసేనా (చలిదేశాల్లో క్రిస్మస్ చెట్టుగా పెట్టేది), దాన్ని బోన్సాయ్ చేయడం ఎలా అని అడిగాను కదా. నర్సరీలో క్రిస్మస్ చెట్టని చెప్పి ఇచ్చిన మొక్క అది.

మీలో ఒకరు చెప్పినట్టే ఒక సూదిని రెండు చివర్లా పట్టుకుని మెల్లగా లాగాను. కణుపు దగ్గర టక్కున ఊడొచ్చింది. భూతద్దంలో చూస్తే కణుపు చుట్టూ పళ్లలా చిన్న పొలుసులు. అసలు ఆకులు అవేనండీ! మనం సూది అనుకునేది పచ్చటి సన్న కొమ్మ. స్ప్రూస్ సూదికి కణుపులుండవు. ఒక్కో సూదీ చిన్న బుడిపె మీద పుడుతుంది, సూది రాలినా బుడిపె మిగిలి కొమ్మ గరుకుగా తగులుతుంది. పైగా అది హిమాలయాల్లాంటి చలిచోట్ల చెట్టు. మన రోహిణి కార్తె ఎండకు తట్టుకోదు.

సరుగుడని తెలిశాక నాకు సంతోషమే. మన తీరమంతా ఇసుకలో దాని తోటలే కదా. తైవాన్‌లో దీన్ని బోన్సాయ్‌గా బాగా పెంచుతారు. ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలోకి మార్చాను. వేర్ల మీది గడ్డలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించేవి, వాటిని కదపలేదు. ఎండాకాలం రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. కాండానికి అల్యూమినియం తీగ చుట్టి ఒక వంపు తిప్పాను. కాండం త్వరగా లావెక్కుతుంది కాబట్టి తీగ బెరడులోకి దిగుతోందేమో తరచూ చూస్తున్నాను. తల కొమ్మను వానలు పడ్డాక కత్తిరిస్తాను.