అప్‌డేట్: ఎండోమెట్రియోసిస్ నొప్పికి ఫిజియోథెరపీ, టెన్స్ వాడాక మూడు నెలలకి

ఎండోమెట్రియోసిస్‌కి (గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు) డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మి.గ్రా. వాడుతున్నా పొత్తికడుపు నొప్పి పోవట్లేదు, దాంతోపాటు ఇంకేం చేయొచ్చని అడిగాను కదా. జవాబిచ్చిన అక్కలందరికీ చాలా థాంక్స్.

నాకు ఎక్కువ ఊరటనిచ్చింది పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ. ఏళ్ల తరబడి నొప్పిని బిగబట్టి బిగబట్టి కటి అడుగు కండరాలు పట్టేశాయట. అప్పటిదాకా కెగెల్స్ చేస్తున్నాను. అవి బిగించే వ్యాయామాలు, నాకు కావాల్సింది వదులు చేసేవి! పొట్ట నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదలడంతో మొదలుపెట్టించారు. ఆరో వారానికి, దొడ్డికి వెళ్లినప్పుడు వచ్చే పోటు బాగా తగ్గింది. ఆ రోజు ఏడ్చేశాను.

టెన్స్ మెషిన్ (చర్మం మీద నుంచి కొద్దిపాటి కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరం), వేడినీళ్ల సంచీ పెట్టుకున్నంతసేపే హాయి. ఇవేవీ జబ్బుని కరిగించవు. ఎష్రే (యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం) 2022 మార్గదర్శకాలు కూడా మందులు కాని పద్ధతుల్లో ఏ ఒక్కదాన్నీ ప్రత్యేకంగా సిఫార్సు చేయలేదు. అందుకే మాత్ర ఆపలేదు.

వచ్చే నెల స్కాన్ ఉంది.