లాంతరు కూడా "కొండెక్కుతుందా"?

చంద్రగిరి నుంచి అడుగుతున్నాను. పాత లాంతరు ఒకటి బాగుచేసే పనిలో ఉన్నాను. రెండు పక్కలా గొట్టాలు, మర తిప్పితే లేచే పట్టీ వత్తి, మోసుకుపోవడానికి తీగె, అన్నీ ఉన్న మామూలు హరికేన్ లాంతరే. తుప్పు దులిపి, కొత్త వత్తి వేసి, కిరసనాయిలు పోసి వెలిగిస్తే అంటుకుంటోంది. గాజు దించిన కాసేపటికే మంట ఎర్రబారి, మసి చిమ్మి, రెపరెపలాడి పోతోంది. "ఇది ఊరికూరికే కొండెక్కుతోందే" అంటే ఇంట్లో అవ్వ ఒప్పుకోలేదు. "కొండెక్కేది దేవుడి దీపం. లాంతరు ఆరిపోతుంది, అంతే" అంది.

లాంతరుకు నిజంగానే ఈ మాట వాడరా? ఇంకో సందేహం. మన పక్క "వాళ్ళు కొండెక్కినారు" అంటే తిరుమలకు పోయినారని. దీపం ఎక్కే కొండ కూడా అదేనా? లాంతరు మెకానిజం తెలిసినవాళ్ళుంటే ఆ సంగతీ చెప్పండి, పుణ్యముంటుంది.

*శ్రీకాళహస్తి నుంచి:*
అవ్వ మాటే రైటు. దేవుడి ముందు పెట్టిన దీపాన్ని "ఆరిపోయింది" అనడానికి నోరు రాక పుట్టిన మాట ఇది. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం, తాళి తెగితే "పెరిగింది" అంటాం, ఊరికి పోతూ "వెళ్ళొస్తా" అంటాం. అదే వరస. మా ఊరి గుడిలో అయితే గాలి చొరబడని గర్భాలయంలో కూడా దీపం కదులుతూనే ఉంటుందనీ, అది వాయులింగానికి గుర్తనీ చెబుతారు. అలాంటి దీపాలు చూసి పెరిగినవాళ్ళకు "ఆరిపోయింది" అని ఎలా వస్తుంది? కిరసనాయిలు లాంతరుకు ఆ మర్యాద అక్కర్లేదు.

*నగరి నుంచి:*
కొండ అంటే తిరుమల కొండే అనుకోకండి అన్నా. మా ఊళ్ళో సగంమంది ఇంట్లో తమిళం మాట్లాడతారు. వాళ్ళూ దీపాన్ని "మలై ఏఱు" అంటారు, అంటే కొండెక్కడమే. ఒంటి మీదికొచ్చిన అమ్మవారు దిగిపోయినా "సామి మలై ఏఱిడుచ్చు" అంటారు. "అందక్కాలం మలై ఏఱిపోచ్చు" అంటే ఆ రోజులు పోయాయని. మధురై పక్క ఉన్నవాళ్ళు కూడా ఇదే మాట అంటారు, వాళ్ళకు తిరుమల కొండ ఎక్కడ కనిపిస్తుంది? దేవతలుండే చోటు కొండ, వచ్చిన దేవత మళ్ళీ తన చోటికి పోయింది, నాకు తెలిసి భావం అంతే. తెలుగు నుంచి తమిళానికి పోయిందా, అటునుంచి ఇటు వచ్చిందా అనే పంచాయితీకి నన్ను పిలవొద్దు.

*పలమనేరు నుంచి:*
మాట సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను లాంతరు సంగతి చెప్తా. గాజు లేనప్పుడు మండి, గాజు దించాక పోతోందంటే నూనెది కాదు తప్పు, గాలిది. ఆ పక్క గొట్టాలు అందానికో, పట్టుకోవడానికో పెట్టినవి కావు. పైనుంచి గాలిని కిందికి, బర్నర్ దగ్గరికి తెచ్చేవి అవే. ఈ గొట్టాల పద్ధతిని అమెరికాలో జాన్ ఇర్విన్ అనే ఆయన 1860ల చివర కనిపెట్టాడు. మొదటి రకంలో మంట మీంచి పోయే వేడిగాలి కొంత మళ్ళీ గొట్టాల్లోకే వచ్చేది. 1870ల్లో ఆయనే బయటి చల్లగాలి మాత్రమే దిగేలా మార్చాడు, దాంతో వెలుగు బాగా పెరిగింది. న్యూయార్క్ డీట్జ్ కంపెనీ ఈ రెండు రకాలూ అమ్మింది. మనవాళ్ళు ఇళ్ళల్లో వాడిన లాంతర్లు చాలావరకు వీటి వారసులే.

గాజు దించగానే మంటకు గాలి వచ్చే దారి గొట్టాలే. అవి మూసుకుపోతే పొగే. గొట్టాల్లోకి గట్టిగా ఊది చూడండి. గాజు కింద ఉండే చిల్లుల పళ్ళెం కూడా చూడండి. ఆ సన్న చిల్లుల్లో ఎన్నో ఏళ్ళ మసి, కాలిపోయిన దోమలు, పురుగుల రెక్కలు ఇరుక్కుని ఉంటాయి. బర్నర్‌ను ఊడదీసి, నీళ్ళలో వంటసోడా వేసి మరిగిస్తే ఆ జిడ్డంతా మెత్తబడి వదిలిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి ఎండలో పెట్టండి. తడి పూర్తిగా ఆరాకే బిగించాలి. టాంకులో నీటి చుక్క మిగిలినా మంట చిటపటలాడుతుంది.

వత్తి సంగతి. కొత్త వత్తి వేసిన వెంటనే వెలిగించకూడదు, అర్ధగంటైనా నూనె పీల్చుకోనివ్వాలి. పొడి వత్తి అంటిస్తే కాలేది నూనె కాదు, నూలు. కొసను అడ్డంగా, సమంగా కత్తిరించి, రెండు మూలలు మాత్రం కాస్త తీసేయండి. మూలలు ఉంటే మంట కొమ్ములు మొలిచినట్టు రెండు పక్కలా లేచి, గాజుకు అక్కడే మసి పడుతుంది. వెలిగించాక వత్తిని ఎగదోసేయకండి. వెలుగు చాల్లేదని ఎగదోసేకొద్దీ వచ్చేది పొగే.

*మళ్ళీ చంద్రగిరి నుంచి:*
ఒక చిన్న ప్రశ్న అన్నా. కిరసనాయిలు వాసన అవ్వకు పడటం లేదు. నువ్వుల నూనో ఆముదమో పోస్తే?

*పలమనేరు నుంచి:*
పోయొద్దు. అవి ప్రమిదలకు. చిక్కటి నూనె అంత పొడుగు పట్టీ వత్తి ఎక్కలేదు, వత్తి కొస మాడిపోతుంది. పెట్రోలు మాత్రం కలలో కూడా వద్దు, పేలుతుంది. రేషన్లో ఇచ్చిన నీలం రంగు కిరసనాయిలు పాతది ఎక్కడైనా మిగిలి ఉంటే పోసేరు, అదీ వద్దు. తెల్లది, మడ్డి లేనిది తీసుకోండి. టాంకు గొంతు వరకు నింపకండి, వేడికి నూనె ఉబ్బుతుంది. తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు.

*తిరుపతి నుంచి, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒకరు:*
"ఆరు" అనేది చెడ్డ మాటేం కాదు నాయనా. బట్టలు ఆరతాయి, పుండు ఆరుతుంది. దీపం దగ్గరికొచ్చేసరికే దానికి అశుభం అంటుకుంది. కారణం ఏంటంటే పిల్లవాడు పోయిన ఇంటిని గురించి "ఆ ఇంటి దీపం ఆరిపోయింది" అంటాం. అక్కడ "ఆ ఇంటి దీపం కొండెక్కింది" అని ఎవరైనా రాస్తారా? రాయరు. చావుకు వాడిన మాట దేవుడి దీపానికి తగలకూడదని జనం రెండింటినీ వేరు చేసి పెట్టుకున్నారు. లాంతరు ఈ రెండింటికీ మధ్యలో ఉంది, అందుకే మీకు సందేహం వచ్చింది.

కొండెక్కడం అనేది దీపం తనంతట తాను చేసే పని, అదీ గమనించండి. నూనె అయిపోయి కొండెక్కుతుంది. మనం ఊది ఆర్పితే కొండెక్కింది అనం. "కొండెక్కించు" అని కొందరు ఈమధ్య అంటున్నారు గానీ, నా చెవికి అది మనిషిని మెట్లదారిలో తోసినట్టుంటుంది. పేపర్లలో "టమాటా ధర కొండెక్కింది" అనేది పూర్తిగా వేరే అర్థం, అందకుండా పోయిందని. మదనపల్లె మార్కెట్ పుణ్యమా అని మనకు ఏటా వినబడుతుంది.

*కుప్పం నుంచి:*
మా కన్నడం వాళ్ళు దీపం ఆర్పమనడానికి "దొడ్డదు మాడు" అంటారు సార్, అంటే పెద్దది చెయ్యమని. తెలియనివాడు వత్తి ఎగదోస్తాడు.

*మళ్ళీ చంద్రగిరి నుంచి:*
పలమనేరు అన్నకు దణ్ణం. ఎడమ గొట్టంలోకి ఊదితే గాలి దూరలేదు. సైకిల్ స్పోకుతో పొడిస్తే పొడి మట్టి రాలింది, మట్టి గూళ్ళు కట్టే కందిరీగ గూడు. లోపల ఎండిపోయిన సాలీళ్ళు. గొట్టం ఖాళీ చేసి, బర్నర్ మరిగించి, వత్తి మూలలు తీసి వెలిగిస్తే మంట పసుపురంగులో నిలబడింది. గాజు మీద పొగ లేదు. అవ్వకు చూపించి "ఇప్పుడు కొండెక్కదు" అన్నా. "మళ్ళీ అదే మాట!" అని కసిరింది.

ఇంకొక్కటి. ఈ వత్తి కాస్త లూజుగా ఉంది, మర తిప్పితే ఒక పక్కే లేస్తోంది.

*పలమనేరు నుంచి:*
వెడల్పు చాలడం లేదు. పాత వత్తి పారేయకుండా ఉంటే దాన్ని తీసుకుని తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు పోయి పాత సామాన్ల అంగళ్ళలో అడగండి, దాని వెడల్పుకు సరిపోయేదే తీసుకోండి. వెడల్పు వత్తి తెచ్చి పక్కన కత్తిరిస్తామంటే కుదరదు, అల్లిక విడిపోయి మరలో చిక్కుకుంటుంది.