ఈ వారం సమస్య: గొడుగు విప్పినంత కురిసె వాన

నిర్వాహకుడు: కార్తీక వనభోజనాల రోజులు కదా, సమస్య కూడా అక్కడిదే. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

*గొడుగు విప్పినంత కురిసె వాన*

వాన వస్తే గొడుగు విప్పుతాం. ఇక్కడ గొడుగు విప్పాక వాన వచ్చింది. ఆ తిరకాసు విడదీయాలి. పిల్లలతో వనభోజనానికి వెళ్లిన కుటుంబం పద్యంలో కనబడాలి. పాదంలోని అక్షరాల గుంపుల్లో, అంటే గణాల్లో, నాలుగోది 'కురిసె'. దాని మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి, అదే యతి: ఇక్కడ గొ–కు. మిగతా మూడు పాదాలు మీవి.

అనంతపురం నుంచి:

చిన్ని పాప దాచి చేరెడు బొరుగులు
మడత గొడుగులోన మరచిపోయె
చినుకు పడియె ననుచు చెట్టునీడను తల్లి
గొడుగు విప్పినంత కురిసె వాన

నిర్వాహకుడు: శభాష్. 'బొరుగుల వాన' అని విప్పి చెప్పకుండా మాకు వదిలేశారు, అదే అందం. ఒక్క సవరణ. 'అనుచున్' ద్రుతాంతం, అంటే చివర 'న్' ఉన్న మాట, కాబట్టి తర్వాతి పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) అవుతుంది: 'అనుచు జెట్టునీడను'. చకార జకారాలకు మైత్రి ఉంది, యతికి ఇబ్బంది లేదు.

గుంటూరు నుంచి: మా వైపు మరమరాలు అంటామండీ. బొరుగులు అనగానే ఉగ్గాని గుర్తొచ్చి ఆకలేసింది. పద్యంలో నాకు నచ్చింది 'మరచిపోయె'. పిల్లలు దాచడం మామూలే, దాచిన సంగతి మరిచిపోవడం ఇంకా మామూలు. మా వాడి స్కూలు బ్యాగు అడుగున పోయిన వేసవి నాటి జీడి దొరికింది, పుస్తకానికి అంటుకుని.

ఖమ్మం నుంచి:

వాన వెలిసె ననుచు వచ్చిరి పిల్లలు
కొమ్మ మీద నీరు కునుకు తీసె
ఆట కొరకు పాప యాకుల నడుమను
గొడుగు విప్పినంత కురిసె వాన

గుంటూరు నుంచి: రెండో పాదం బ్రహ్మాండం. కానీ వాన వెలిశాక ఆ పిల్ల గొడుగెందుకు విప్పినట్టు?

ఖమ్మం నుంచి: నాలుగేళ్ల పిల్ల చేతిలో కొత్త గొడుగుంటే కారణం కావాలా అన్నా? మాది వారం రోజులు మంచం మీద కూడా గొడుగు వేసుకునే పడుకుంది.

నిర్వాహకుడు: 'కునుకు తీసె' దగ్గర నేనూ ఆగాను. ఆకుల మీద నిలిచిన నీటికి అంతకంటే మంచి మాట దొరకదు. 'నడుమను'లో చివరి 'ను' మాత్రం గణం నింపడానికే వచ్చింది, దాచలేకపోయారు. అన్నట్టు, కన్నీటి వాన కురిపించిన పూరణలు రెండొచ్చాయి. ఆ వాన ఈ గుంపులో ఇప్పటికే చాలాసార్లు కురిసింది, పక్కన పెట్టాను.

బాపట్ల నుంచి: నమస్కారం మాస్టారూ. పద్యం రాయడం ఇదే మొదలు. మాకు నిజంగానే జరిగింది. 2023లో డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. మేము దానికి రెండు రోజుల ముందు, ఆదివారం, తోటలోకి వెళ్లాం. వద్దంటే మా మామగారు 'కార్తీకంలో మిగిలిన ఆదివారాలెన్ని? సాయంత్రానికి గాని రాదులే' అన్నారు. ఉసిరి చెట్టు కింద ఆకులు వేసేసరికే జల్లు మొదలైంది. ధాన్యం మీద కప్పే పట్టా ఒకటి చెట్లకు కట్టి, వంట దాని కిందికి మార్చాం.

పులుసు కుండ పైన పొడవైన పట్టాలో
నీరు నిలిచె బొజ్జ నిండినట్లు
బామ్మ తడియునేమొ! పాప దానడుగున
గొడుగు విప్పినంత కురిసె వాన

అనంతపురం నుంచి: అమ్మా, నా బొరుగులు ఓడిపోయాయి.

నిర్వాహకుడు: మొదటి పాదం చివర చూడండి. 'పట్టాలో' మూడూ గురువులే, అంటే పలకడానికి నిడివి పట్టే అక్షరాలే. అది మగణం. ఈ చోట రావాల్సిన ఇంద్రగణాల్లో అది లేదు. 'పట్టాన' అంటే చివరి అక్షరం పొట్టిదై తగణం అవుతుంది, సరిపోతుంది. మాట మార్చక్కర్లేదు, విభక్తి మారిస్తే చాలు. మిగతాదంతా నడిచింది. 'బామ్మ తడియునేమొ!' అని పిల్ల గొంతు పద్యంలో దూరడం నాకు బాగా నచ్చింది. ముందు రెండు పూరణల్లో పిల్ల చేసింది అల్లరి, ఇక్కడ సాయం చేయబోయింది. గొడుగు మొన తగిలి పట్టా పైకి లేవడం, బొజ్జలో నీళ్లన్నీ ఒక్కసారి దిగడం, ఏదీ చెప్పకుండానే కనబడింది.

బాపట్ల నుంచి: పట్టాన అని దిద్దుకున్నాను మాస్టారూ. మా ఇంట్లో నాయనమ్మ అనే పిలుస్తారు. మొదట అలాగే రాశాను, గణాలు కుదరక బామ్మను చేశాను. ఆవిడకు చదివి వినిపిస్తే 'బామ్మ ఎవరే?' అన్నారు.

ఖమ్మం నుంచి: ఇంతకీ నాయనమ్మ తడిశారా?

బాపట్ల నుంచి: లేదండీ, గొడుగు ఆవిడ మీదే ఉంది. తడిసింది పాప, పొయ్యి. పొయ్యి ఆరిపోయింది.

గుంటూరు నుంచి: మరి పులుసు?

బాపట్ల నుంచి: పలచబడింది. ఇంటికి తెచ్చి, ఇంకాస్త చింతపండు పిసికి మళ్లీ మరిగించాం. రాత్రి కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని వరండాలోనే ఆకులు వేసుకున్నాం.