పాత ఉక్కు సైకిలు ఫ్రేము మీది రంగు పూర్తిగా తీయాలా, కొంత ఉంచవచ్చా?

చంపావతి_గట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1979లో కొన్న 22 అంగుళాల ఉక్కు సైకిలు చాలా ఏళ్ళుగా మా ఇంటి వసారాలో గోడకు ఆనించి ఉంది. ఆయన నెల్లిమర్ల జూటు మిల్లులో పనిచేసినంత కాలం ఎండనక, వాననక దాని మీదే వెళ్ళి వచ్చేవారు. ఈ సంక్రాంతికి మా అబ్బాయి ఇంటికి వచ్చేనాటికి దానికి కొత్త రంగు వేసి, రోడ్డు మీద నడిపే స్థితికి తేవాలని నా కోరిక.

ఇప్పుడు పైన కనిపించేది నీలం. అది లేచిన చోట కింద ఆకుపచ్చ, దాని కింద నలుపు కనిపిస్తున్నాయి. పెడళ్ళ ఇరుసు తిరిగే గూడు చుట్టూ, వెనుక చక్రాన్ని పట్టుకునే సన్న గొట్టాల అడుగున రంగు పొక్కిపోయి, గోటితో లాగితే పెచ్చులుగా ఊడి వస్తోంది. పై గొట్టం మీద మాత్రం ఎంత గీకినా కదలడం లేదు. తెలిసినవారిని అడిగితే ఒకరు గ్యాసు మంటతో కాల్చమన్నారు, ఒకరు కాస్టిక్ సోడాలో ముంచమన్నారు, మరొకరు గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించమన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. అసలు రంగంతా తీయవలసిందేనా, తీస్తే మన ఊరి గాలికి ఆ ఇనుమును ఎంతసేపు బయట ఉంచవచ్చు అన్నది దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కళింగపట్నం_గాలి (శ్రీకాకుళం జిల్లా)

ముందుగా ఒక మాట చెబుతాను. ఉక్కును గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగును మించిన అడుగు పూత లేదు. కాబట్టి ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చుకోవడమే ఈ పనిలో సగం. పై గొట్టం మీద కొత్త బ్లేడుతో అర అంగుళం మేర నిలువుగా, అడ్డంగా సన్నని గళ్ళు గీసి, దాని మీద గట్టి టేపు అతికించి ఒక్క ఊపున లాగండి. టేపుకు రంగు ముక్కలు అంటుకుని రాకపోతే అక్కడి రంగును నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. దాని మెరుపు పోయేదాకా 320 నంబరు వాటర్ పేపరుతో (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) తడిగా రుద్దితే చాలు. పొక్కిన చోట మాత్రం కనికరం చూపకండి, ఎందుకంటే తుప్పు ఎప్పుడూ మనకు కనబడే అంచు దగ్గర ఆగదు, రంగు కింద మరో అంగుళం లోపలికి పాకి ఉంటుంది. గట్టి రంగు తగిలేదాకా గీకుతూ పోవాలి.

గీకే ముందు ఫ్రేమును పూర్తిగా విప్పండి. పెడల్ చేతులను పట్టి ఉంచే కాటర్ పిన్నులను నేరుగా సుత్తితో కొడితే వాటి మరలు చదునైపోతాయి. నట్టును మర చివరి వరకు వదులు చేసి, దాని మీద చెక్క ముక్క పెట్టి కొట్టాలి. ఇరుసు గూటిలో కుడివైపు కప్పుకు మరలు ఎదురు దిశలో ఉంటాయి, కాబట్టి మామూలుగా విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. అది బాగానే ఉంటే అక్కడే వదిలేసి, లోపలికి దుమ్ము పోకుండా గుడ్డ కుక్కండి.

గొట్టాలకు ఎమరీ గుడ్డ మంచిది. 80 నంబరు గుడ్డను బొటనవేలు వెడల్పు పట్టీలుగా చించి, గొట్టం చుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు ఆ వైపూ ఈ వైపూ లాగాలి. చదునైన చెక్కకు కాగితం చుట్టి రుద్దితే గుండ్రని గొట్టం మీద చారలు పడతాయి, పట్టీతో ఆ బెడద ఉండదు. గొట్టాలు కలిసే కీళ్ళ దగ్గర మాత్రం చిన్న వైర్ బ్రష్షుతో చేత్తోనే చేయండి. అక్కడ గొట్టాలను అతికించింది ఇత్తడి, అది ఉక్కు కన్నా మెత్తన. గ్రైండరుకు తీగల బ్రష్షు బిగించి అదిమితే క్షణంలో గాడి పడుతుంది. సీటు గొట్టం దగ్గర చెక్కిన ఫ్రేము నంబరు కూడా అరిగిపోకుండా చూసుకోండి.

గట్టి రంగు, బట్టబయలైన ఇనుము కలిసే చోట మెట్టు ఏర్పడుతుంది. దాన్ని 120తోనూ, ఆ తరువాత 220తోనూ ఏటవాలుగా అరగదీసి, కళ్ళు మూసుకుని వేలు జరిపినప్పుడు ఎక్కడా అంచు తగలకుండా చేయాలి. కంటికి నునుపుగా కనిపించినా వేలికి తగిలితే కొత్త రంగు ఎండిన మరునాడు ఆ గీత మళ్ళీ పైకి తేలుతుంది.

ఇక మన గాలి సంగతి. ఒకసారి నేను సాయంత్రానికి ఫ్రేమును శుభ్రంగా తోమి, మెరుస్తోందని మురిసిపోయి, ఉత్త చేత్తో పట్టుకుని వరండాలో పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే పై గొట్టం మీద నా నాలుగు వేళ్ళూ, బొటనవేలూ ఎర్రని తుప్పు ముద్రలుగా స్పష్టంగా ఉన్నాయి. చెమటలోని ఉప్పుకు సముద్రపు తేమ తోడైతే ఒక్క రాత్రి చాలు. అందువల్ల ఆ రోజు ఎంత మేర ప్రైమరు (అడుగు పూత) వేయగలరో అంత మేరే గీకండి. చివరి తోముడు అయ్యాక చేతికి తొడుగు వేసుకుని, థిన్నరులో తడిపిన తెల్లగుడ్డతో గుడ్డకు మురికి అంటనంత వరకు తుడిచి, గంట లోపల రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పలుచగా వేయండి.

రసాయన_పాఠం (శ్రీకాకుళం)

పైన చెప్పిన పద్ధతితో నేను ఏకీభవిస్తున్నాను. ఈ జిల్లాలో చాలా ఏళ్ళు రసాయన శాస్త్రం బోధించినవాడిగా ప్రమాదాల గురించి మాత్రం వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మంట వద్దే వద్దు. మన దేశంలో ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. 1979 నాటి సైకిలు మీది రంగులో సీసం ఉందనే భావించి జాగ్రత్త పడటం మంచిది. కాలిస్తే అది పొగగా, పొడిగా గీకితే ధూళిగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పసిపిల్లల మెదడుకు అది చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. ఎప్పుడూ నీళ్ళు చల్లుతూ తడిగానే రుద్దండి. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలిన పెచ్చులను అందులోనే మూట కట్టి పారేయండి, తోటలోకి ఊడ్చవద్దు. పని బట్టలను ఇంట్లోవారి బట్టలతో కలిపి ఉతకవద్దు.

దుకాణాల్లో దొరికే చాలా పెయింట్ రిమూవర్లలో డైక్లోరోమీథేన్ అనే ద్రవం ఉంటుంది. అది సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి గాలి కన్నా బరువైనది కనుక మూసిన గదిలో నేల మట్టాన పేరుకుంటుంది, శరీరంలోకి వెళ్ళాక కొంత భాగం కార్బన్ మోనాక్సైడుగా మారి రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. అమెరికాలో ఇది ఉన్న రిమూవర్లను సాధారణ వినియోగదారులకు అమ్మడాన్ని 2019లోనే నిషేధించారు. గుడ్డ మాస్కు దీని ఆవిరిని ఆపదు, పలుచని రబ్బరు చేతి తొడుగులను ఇది నిమిషాల్లో దాటేస్తుంది. కీళ్ళ సందుల్లోని రంగు కోసం వాడక తప్పదనుకుంటే డబ్బా మీద డైక్లోరోమీథేన్ లేదని చూసి కొనండి, ఆరుబయటే వాడండి, పూసిన చోట మందు ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టండి. మెత్తబడిన రంగును గీకాక మందు జాడ ఏమాత్రం మిగలకుండా కడగాలి, లేకపోతే అక్కడ కొత్త రంగు నిలవదు.

కాస్టిక్ సోడా నూనె రంగును సబ్బుగా మార్చి వదిలిస్తుంది, అందుకే అది పని చేస్తుంది. అయితే చర్మంలోని కొవ్వునూ, కంటినీ అదే విధంగా కొరికేస్తుంది. వాడితే సోడానే నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి, నీళ్ళను సోడా మీద పోస్తే కుతకుతమని ఎగిరి ముఖం మీద పడుతుంది. అల్యూమినియం గిన్నెలోనూ, అల్యూమినియం భాగాల మీదా అసలు వాడకూడదు. గొట్టాల లోపలికి చేరిన సోడా నీరు బయటకు రావడం కష్టం కనుక, ఫ్రేమును మొత్తంగా ముంచమన్న సలహాను నేను సమర్థించలేను.

వేగావతి_బాట (బొబ్బిలి)

ఇసుక కొట్టించడం గురించి నా అనుభవం చెబుతాను. పని త్వరగా, శుభ్రంగా అయింది, ఇనుము బూడిద రంగులోకి వచ్చింది. కానీ చేసినవారు గూటి మరలను మూయలేదు; లోపల చేరిన ఇసుకను నేను కడిగినా కొంత మిగిలిపోయి, ఆరు నెలల్లో బేరింగు గుళ్ళు గరగరమని అరిగిపోయాయి. వెళ్తే మరలన్నిటికీ రబ్బరు బిరడాలు మీరే బిగించి ఇవ్వండి, మాస్కు లేకుండా ఆ ధూళిలో నిలబడకండి. ఫ్రేమంతా తుప్పు పట్టి ఉంటే తప్ప దీని అవసరం లేదని నా అభిప్రాయం.

చంపావతి_గట్టు (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. టేపు పరీక్ష చేశాను. పై గొట్టం, ముందు ఫోర్కు గట్టిగా ఉన్నాయి. కింది గొట్టంలో సగం, వెనుక సన్న గొట్టాలు పూర్తిగా గీకాను. సీటు గొట్టం మీద నీలాన్ని తడిగా రుద్దుతుంటే ఆకుపచ్చ పొర కింద, నలుపు మీద తెల్ల రంగుతో చేతిరాత తేలింది: నాన్నగారి పేరులోని మొదటి రెండు అక్షరాలు, దాని పక్కన మిల్లు టోకెన్ నంబరు. మిల్లు సైకిల్ షెడ్డులో గుర్తు కోసం ఆయనే రాసుకుని ఉంటారు. అక్కడ చేయి ఆగిపోయింది. అరచేతి వెడల్పు మేర ఆ నలుపును అలాగే ఉంచి, మిగతా ఫ్రేముకు కూడా నలుపే వేద్దామని నిర్ణయించుకున్నాను. పైన వేసే రంగు ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్ రకం) అయితే త్వరగా ఆరుతుందని దుకాణంలో చెప్పారు. అది వాడవచ్చా?

కళింగపట్నం_గాలి (శ్రీకాకుళం జిల్లా)

వాడవద్దండీ. పాత ఎనామెల్ ఉంచిన చోట ఎన్.సి. థిన్నరు పడితే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది, నాన్నగారి అక్షరాల దగ్గర అది జరిగితే మళ్ళీ తేలేరు. సింథటిక్ ఎనామెల్ తీసుకుని టర్పెంటైన్‌తో పలుచన చేయండి. నేను ముందు చెప్పిన థిన్నరు తుడుపు కూడా బయలుపడిన ఇనుముకే, ఉంచిన రంగు మీద టర్పెంటైన్ గుడ్డ చాలు. అక్షరాల చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, చివరి పూత పూర్తిగా ఎండకముందే దాన్ని నెమ్మదిగా ఏటవాలుగా లాగితే అంచు శుభ్రంగా వస్తుంది.

మన వైపు అక్టోబరును నమ్మలేము; హుద్‌హుద్ తుఫాను 2014లోనూ, తిత్లీ తుఫాను 2018లోనూ ఆ నెలలోనే వచ్చాయి. డిసెంబరులో మొదలుపెట్టి, మంచు పూర్తిగా విడిచాక ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపల పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగి, 400 నంబరు కాగితంతో తేలికగా రుద్దండి. తాకితే అంటనంత మాత్రాన ఎండినట్టు కాదు కనుక, ఆఖరి పూత తరువాత కనీసం వారం రోజులు ఆగి బోల్టులు బిగించండి. ఆ లెక్కన డిసెంబరు 25 నాటికి రంగు పని ముగిస్తే సంక్రాంతికి సైకిలు సిద్ధంగా ఉంటుంది. బిగించే ముందు సీటు గొట్టంలోకి రెండు చెంచాల నూనె పోసి ఫ్రేమును అన్ని వైపులా తిప్పండి. గొట్టాల లోపలి తుప్పుకు మన చేయి అందేది అప్పుడు ఒక్కసారే.