యాంటీ ట్రేడ్: గాలికి ఒక మాట, సుంకాలకు ఒక మాట

ప్రశ్న (గుంటూరు):
భూగోళం పాఠంలో ‘యాంటీ ట్రేడ్స్’, దిగుమతి సుంకాల వ్యాసంలో ‘యాంటీ ట్రేడ్ పాలసీ’. మొదటిదానికి ‘ప్రతివ్యాపార పవనాలు’ అని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అదే పద్ధతిలో రెండోదాన్ని ‘ప్రతివ్యాపార విధానం’ అనవచ్చా? అసలు గాలికీ వ్యాపారానికీ ఏమిటి సంబంధం?

జవాబు (విజయవాడ, భూగోళం బోధించేవారు):
అనకూడదండీ. ముందు గాలి సంగతి చూద్దాం. రెండు అర్ధగోళాల్లోనూ 30 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల అధిక పీడన మేఖలలు ఉంటాయి. అక్కడి నుంచి భూమధ్యరేఖ వైపు నేలకు దగ్గరగా నిలకడగా వీచేవి వ్యాపార పవనాలు (ఇంగ్లీషులో ట్రేడ్ విండ్స్). భూభ్రమణం వల్ల పక్కకు వంగి ఉత్తరార్ధంలో ఈశాన్యం నుంచి, దక్షిణార్ధంలో ఆగ్నేయం నుంచి వస్తాయి. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన గాలి, పైపొరల్లో ధ్రువాల వైపు తిరుగుముఖం పడుతుంది. అదీ వంగుతుంది కాబట్టి ఉత్తరార్ధంలో నైరుతి నుంచి వీస్తుంది. అది యాంటీ ట్రేడ్. ఇక్కడ ‘యాంటీ’ అంటే ఎదురు దిక్కు, అంతవరకే.

1812లో కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవిలో అగ్నిపర్వతం పేలితే, బూడిద తూర్పున ఉన్న బార్బడోస్ మీద పడింది. కింద గాలి తూర్పు నుంచి వీచే చోటు అది. బూడిదను తూర్పుకు మోసింది పైగాలే.

ఒక చిక్కు. కొన్ని పుస్తకాలు 35 నుంచి 60 డిగ్రీల మధ్య నేల మీద వీచే పశ్చిమ పవనాలనే ప్రతివ్యాపార పవనాలంటాయి. మూలంలో ‘పైపొర’ అని ఉందా, అక్షాంశం ఇచ్చారా అన్నది చూడకుండా పేరు పెట్టవద్దు.

జవాబు (విజయవాడ, అనువాదకురాలు):
రెండో ప్రశ్నకు నేను చెబుతాను. ఇంగ్లీషులో ‘ట్రేడ్’ పాత అర్థం బాట, నడిచే దారి. గాలి ‘ట్రేడ్‌గా’ వీస్తోందంటే ఒకే దారిన నిలకడగా వీస్తోందని. ఆ బాటే నడవడిగా, చేసే వృత్తిగా, చివరికి కొనుగోలు అమ్మకాలుగా మారింది. ఐటీఐలో ‘ఏ ట్రేడ్?’ అంటే ఫిట్టరా, ఎలక్ట్రీషియనా అని అడగటమే, కొట్టు పెట్టారా అని కాదు. ట్రేడ్ యూనియన్‌ను మనవాళ్లు ‘వ్యాపార సంఘం’ అనకుండా ‘కార్మిక సంఘం’ అన్నారు. ఆ జాగ్రత్త గాలి దగ్గర తప్పింది. హిందీ భూగోళంలో ‘వ్యాపారిక్ పవన్’తో పాటు ‘సన్మార్గీ పవన్’ కూడా ఉంది. అందులో దారి నిలిచింది, అది నాకు ఎంతో నచ్చిన మాట.

జవాబు (గుంటూరు, తెలుగు బోధించేవారు):
అమ్మా, ‘వ్యాపారం’ మీద మరీ అంత నింద వద్దు. సంస్కృతంలో దాని మొదటి అర్థం పని, ప్రవృత్తి. ‘మనోవ్యాపారం’ అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే. వ్యాకరణంలో ధాతువుకు ఫలం, వ్యాపారం అని రెండంశాలు చెబుతారు. ‘వండుతున్నాడు’ అంటే బియ్యం మెత్తబడటం ఫలం, ఎసరు పెట్టడం, మంట చూడటం వ్యాపారం. అయితే గాలి పేరు పెట్టినవారు ఈ అర్థంతో పెట్టారని అనను. పేరు పరీక్షపత్రాల దాకా స్థిరపడింది కాబట్టి మార్చవద్దనే నా మాట.

అసలు తేడా ‘ప్రతి’లో ఉంది. ప్రతిధ్వని, ప్రతివ్యూహం, ప్రతిసృష్టి: వీటిలో ‘ప్రతి’ దేన్నీ కాదనదు, దానికి ఎదురుగా అలాంటిదే మరొకటి నిలబెడుతుంది. కింది గాలికి ఎదురుగా పైన మరో గాలి, కాబట్టి పవనాలకు సరిగ్గా అతికింది. ‘ప్రతివ్యాపార విధానం’ అంటే మాత్రం పోటీగా మరో వ్యాపారం పెట్టే విధానం అనిపిస్తుంది. విడదీసి ‘ప్రతి వ్యాపార విధానం’ అని టైపు చేస్తే ఒక్కో వ్యాపారానికీ ఒక విధానం అయిపోతుంది.

సుంకాల వ్యాసానికి ‘వాణిజ్య వ్యతిరేక విధానం’ రాయండి. ‘వ్యాపార వ్యతిరేక’ అంటే మిర్చి యార్డు వ్యాపారి నుంచి వీధి కిరాణా దాకా అందరినీ వ్యతిరేకించినట్టు. దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోలుకు ‘వాణిజ్యం’ నప్పుతుంది. మాటల వరుస తిప్పి ‘వ్యతిరేక వాణిజ్య విధానం’ అని రాయవద్దు, అప్పుడు వ్యతిరేకం వాణిజ్యానికి విశేషణమైపోతుంది. మూలంలో వ్యతిరేకత దిగుమతుల మీదే అయితే ‘దిగుమతుల వ్యతిరేక’ అనడం ఇంకా సూటిగా ఉంటుంది.

జవాబు (విజయవాడ, భూగోళం బోధించేవారు):
పాఠానికి మన ఊరి ఉదాహరణ ఇవ్వాలనుకుంటే జాగ్రత్త. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, వ్యాపార పవనాల మేఖలలోనే ఉంది. అయినా జులైలో కింది గాలి పడమటి వైపు నుంచి వస్తుంది, ఎంతో ఎత్తున గాలి తూర్పు నుంచి వీస్తుంది. కింది మబ్బులు ఒక దిక్కుకు, పై పల్చటి మబ్బులు మరో దిక్కుకు పోవడం చూసి ‘ఇదే ప్రతివ్యాపార పవనం’ అని రాస్తే తప్పు. అది రుతుపవనాల ఏర్పాటు. నైరుతి రుతుపవనాలకూ, ఈ పైగాలికీ రెండింటికీ ‘నైరుతి’ అన్న మాట రావడం వల్ల కూడా పిల్లలు తికమకపడతారు, అందుకే ‘పైపొర నైరుతి గాలి’ అని రాయడం మేలు.

ప్రశ్న (గుంటూరు):
మరి ‘యాంటీ స్లేవ్ ట్రేడ్’?

జవాబు (విజయవాడ, అనువాదకురాలు):
అక్కడ వ్యతిరేకత ‘స్లేవ్ ట్రేడ్’ మొత్తానికి. ‘బానిసల వ్యాపార వ్యతిరేక ఉద్యమం’ అనండి. ఇక్కడ ‘వ్యాపారం’ సరైన మాటే, మనుషులను కొని అమ్మారు కాబట్టి.