అప్‌డేట్: అరవడం చేతకానిదాన్ని, షాపు నడపగలనా అని అడిగాను కదా

మామయ్య ఆరోగ్యం బాగాలేక బెంగళూరు పీణ్యలోని మెషిన్ షాపు (లోహపు విడిభాగాలు చేసే వర్క్‌షాపు) నాకు అప్పజెప్పారు. గట్టిగా అరవలేని మనిషి యజమానిగా నెగ్గుకొస్తుందా అన్నది నా ప్రశ్న. అరుపు కాదమ్మా, చెడ్డ వార్త వినే ఓపిక ముఖ్యం అని ఇక్కడే ఒక అక్క జవాబిచ్చారు. ఆ మాటే పట్టుకున్నాను.

మొన్న ఒక లాట్ బుష్‌లలో (గొట్టం లాంటి లోహపు ముక్కలు) బోర్, అంటే మధ్యలోని రంధ్రం, పెద్దదైపోయింది. మెషిన్ సెట్ చేసే సెట్టర్, అనంతపురం కుర్రాడు, రంధ్రం కొలత సరిచూసే ప్లగ్ గేజ్ పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు. "అక్కా, నో గో వైపు కూడా లోపలికి పోతోంది" అన్నాడు. గేజ్‌లో ఆ వైపు లోపలికి పోకూడదు, పోయిందంటే రంధ్రం పెద్దదైనట్టే. ఎవరు చేశారని అడగలేదు, ఏ పీసు నుంచి మొదలైందని అడిగాను. మెషిన్ ఆపి, ఆ పీసులు వేరే ట్రేలో పెట్టించాను. పెద్దదైన బోర్‌ను చిన్నది చేయలేం కాబట్టి అవి స్క్రాప్‌కే పోయాయి. కస్టమర్‌కు అదే రోజు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విసుక్కున్నారు, కానీ ఆర్డర్ మా దగ్గరే ఉంది. ఆ కుర్రాడు దాచి ఉంటే సరుకంతా వెనక్కొచ్చేది!

నా పాత పోస్టు కింద పట్టుదల ముఖ్యమని రాసినవాళ్లదీ నిజమే. కిరణ్ మజుందార్ షా 1978లో ఇదే ఊళ్లో పదివేల రూపాయలతో, అద్దె గ్యారేజీలో బయోకాన్ అనే బయోటెక్ కంపెనీ మొదలుపెట్టారు. అప్పివ్వడానికి బ్యాంకులే వెనకాడాయి.

బాకీల వసూలుకు మాత్రం ఇంకా టెన్షనే. మొహమాటం వదిలి అడగడం ఎలాగో, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.