మెత్తటి కణజాల గడ్డలన్నిటికీ ముందే ఫ్యూజన్ టెస్ట్ చేయాలా?

వెన్నెల_07: చేయాలనే అంటాను. అనుమానం ఉన్న ప్రతి గడ్డకీ బయాప్సీతో పాటే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (కణంలోని జీన్ సందేశాలని చదివే పరీక్ష) చేసి, రెండు జీన్లు అతుక్కుపోయాయేమో, అంటే ఫ్యూజన్ ఉందేమో చూడాలి. మా అక్క ముంజేతి మీద గబగబా పెరిగిన గడ్డని సార్కోమా (కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో వచ్చే క్యాన్సర్) అని కండతో సహా కోసేశారు. తర్వాత అదే బ్లాక్‌ని (మైనంలో దాచిన గడ్డ ముక్కని) వేరే చోట పరీక్షిస్తే యూఎస్‌పీ6 అనే జీన్ ఫ్యూజన్ కనబడింది, అంటే నోడ్యులర్ ఫేషియైటిస్, చాలాసార్లు దానంతటదే తగ్గిపోయే గడ్డ. ఇప్పుడు అక్కకి పిడికిలి బిగియదు.

స్లైడ్‌మనిషి: అక్కగారికి అలా జరగాల్సింది కాదండీ. కానీ ఫ్యూజన్‌ని బట్టి జబ్బు పేరు పెట్టేయడమూ ప్రమాదమే. ఈడబ్ల్యూఎస్‌ఆర్1, ఏటీఎఫ్1 అనే జీన్లు అతుక్కున్న ఫ్యూజన్ క్లియర్ సెల్ సార్కోమాలో ఉంటుంది, అది ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. అదే ఫ్యూజన్ యాంజియోమటాయిడ్ ఫైబ్రస్ హిస్టియోసైటోమా అనే గడ్డలోనూ ఉంటుంది, అది చాలామందిలో కోసి తీసేస్తే సరిపోతుంది. రెంటికీ తేడా చెప్పేది మైక్రోస్కోపే.

రవ్వంత: సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే గడ్డ స్టాట్6 స్టెయిన్‌తోనే (ఆ ప్రోటీన్‌కి రంగు పట్టించి చూసే పరీక్షతోనే) తేలుతుందిగా, దానికీ సీక్వెన్సింగా?

వెన్నెల_07: మైక్రోస్కోప్ వద్దని నేనెక్కడన్నాను? చికిత్స సంగతి చూడండి. ఎన్‌టీఆర్‌కే జీన్ల ఫ్యూజన్ ఉంటే లారోట్రెక్టినిబ్ అనే మందు ఉంది, అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతిచ్చింది. ఆ మందుతో గడ్డ కుంచించుకుపోయి పసిపిల్లలకి చెయ్యో కాలో దక్కిన సందర్భాలున్నాయి.

స్లైడ్‌మనిషి: అన్నిటికీ మందు లేదు. ఈవింగ్ సార్కోమాలోని ఫ్యూజన్ 1992లోనే బయటపడింది, దాన్ని నేరుగా అడ్డుకునే ఆమోదిత మందు మాత్రం ఇంకా రాలేదు. పైగా బ్లాక్‌లో ఆర్‌ఎన్‌ఏ చెడిపోయి ఉంటే ‘ఫ్యూజన్ లేదు’ అన్న రిపోర్టుకి విలువేముంది? అప్పుడు కూడా ఏటీఎఫ్1 లాంటి...

వెన్నెల_07: ఆ ఏటీఎఫ్1నే పట్టుకుని వేలాడుతున్నారు. మీ అక్క చెయ్యయితే ఇలాగే రాసేవారా?

స్లైడ్‌మనిషి: ఇంట్లోవాళ్ళని లాగకండి. ఆపరేషన్‌కి ముందు ఆ స్లైడ్‌ని ఇంకెవరైనా చూశారా, అది చెప్పండి.

వెన్నెల_07: లేదు. వేరేవాళ్ళకి చూపిస్తామంటే ‘మా మీద నమ్మకం లేదా’ అని కసిరారు. అందుకే టెస్ట్ కావాలంటున్నా.

స్లైడ్‌మనిషి: మరి గొడవంతా అక్కడుంది. నోడ్యులర్ ఫేషియైటిస్‌లో కణాలు జోరుగా విభజన చెందుతుంటాయి, అలవాటు లేని కంటికి సార్కోమాలాగే ఉంటుంది. సార్కోమాలు రోజూ చూసేవాళ్ళకి స్లైడ్ పంపడం తప్పనిసరి చేయమనండి, నేనూ గొంతు కలుపుతా. వాళ్ళకి సందేహం వస్తే టెస్ట్ అడుగుతారు.

వెన్నెల_07: సందేహమే రానివాడి చేతిలో కదండీ మా అక్క పడింది! ఒకరికి సందేహం వస్తేనే టెస్ట్ అంటే, రానప్పుడు పేషెంటు గతేంటి?

స్లైడ్‌మనిషి: ప్రతి గడ్డకీ అంటే ఇప్పటికీ ఒప్పుకోను. చెయ్యీ కాలూ దెబ్బతినే ఆపరేషన్‌కి ముందైతే, సరే, అడక్కుండానే చేయాలి.